మిద్దె మీద ఎఫ్‌ఎం పాసివ్ రాడార్: టవర్ సిగ్నల్‌ను, ఇంటి రొదను తగ్గించడం ఎలా?

పాసివ్ రాడార్ తనంతట తాను ఏమీ ప్రసారం చేయదు. ఊళ్లో ఎప్పుడూ మోగుతూ ఉండే ఎఫ్‌ఎం స్టేషన్ సిగ్నల్ విమానానికి తగిలి వెనక్కి వస్తుంది. ఆ ఎకోను పట్టుకుని, టవర్ నుంచి నేరుగా వచ్చిన సిగ్నల్‌తో పోల్చి చూస్తే విమానం ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో కదులుతోందో తెలుస్తుంది. తిరుపతిలో ఈ ప్రయోగానికి కావలసినవన్నీ దగ్గర్లోనే ఉన్నాయి. ఊళ్లో ఎఫ్‌ఎం స్టేషన్లు, రేణిగుంటలో విమానాశ్రయం, తలపైన చెన్నై వైపు వెళ్లే విమానాలు, ఉత్తరాన గోడలా శేషాచలం కొండలు. అయినా మొదటిసారి కట్టినవాళ్లలో చాలామందికి తెర మీద ఒక్క విమానమూ కనబడదు. కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: టవర్ సిగ్నల్ ఎకోను మింగేస్తుంది.

ఎంతగా మింగేస్తుందో ముందు లెక్క చూడండి. మీ ఇంటికీ టవర్‌కీ 8 కిలోమీటర్లు, మీ ఇంటికీ విమానానికీ 25, టవర్‌కీ విమానానికీ 30 అనుకుందాం. విమానం రాడార్ వైశాల్యం (సిగ్నల్‌ను ఎంతగా తిప్పికొడుతుందన్న కొలత) 20 చదరపు మీటర్లు అనుకుంటే, ఎకో నేరు సిగ్నల్ కంటే సుమారు 97 డెసిబెల్ తక్కువగా వస్తుంది (ప్రతి 10 డెసిబెల్ తగ్గితే బలం పదో వంతు అవుతుంది). 100 కిలోహెర్ట్జ్ వెడల్పున్న సిగ్నల్‌ను ఒక సెకను పాటు కూడితే ప్రాసెసింగ్‌లో 50 డెసిబెల్ లాభం దక్కుతుంది. ఇంకా 47 మిగిలింది. విమానం రొద మీద స్పష్టంగా తేలాలంటే మరో 12 వేసుకోవాలి. అంటే దాదాపు 60 డెసిబెల్ మేర టవర్ సిగ్నల్‌ను మీరే అణచాలి. ఇందులో 30 నుంచి 40 సాఫ్ట్‌వేర్ తీస్తుంది. మిగతా 20, 30 యాంటెన్నా దగ్గరే, రిసీవర్‌లోకి చేరకముందే పోవాలి. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం ఆ 20, 30 గురించే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండ్‌లోని డావెంట్రీ దగ్గర బీబీసీ షార్ట్‌వేవ్ సిగ్నల్‌తో విమానాన్ని పసిగట్టినప్పుడు కూడా, రెండు యాంటెన్నాల సిగ్నళ్లను ఎదురెదురుగా కలిపి నేరు సిగ్నల్‌ను ముందే కొట్టేశారు. 1990ల్లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ల మనస్తాష్ రిడ్జ్ రాడార్ ఇంకో అడుగు ముందుకు వేసింది. సియాటెల్ ఎఫ్‌ఎం టవర్లకూ రిసీవర్‌కూ మధ్య కాస్కేడ్ పర్వతాలే అడ్డుగోడ అయ్యాయి. కొండ పక్కన ఉన్న మనకు ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

కావలసినవి

రిసీవర్‌కు కనీసం రెండు ఛానళ్లు ఉండాలి, రెండూ ఒకే క్లాక్‌తో నడవాలి. క్రాకెన్ ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌తో నడిచే సాఫ్ట్‌వేర్ రేడియో) అయితే ఐదు ఛానళ్లు, సింక్ కోసం లోపలే నాయిస్ సోర్స్ ఉంటాయి. రెండు మామూలు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిళ్లను విడివిడిగా కంప్యూటర్‌కు తగిలిస్తే పని జరగదు. రెండింటి క్లాకులూ వేర్వేరుగా జారిపోతుంటే సాఫ్ట్‌వేర్ ఒకదాని నుంచి ఇంకోదాన్ని తీసివేయలేదు.

వీటితో పాటు 10 లేదా 12 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టాలు, యాంటెన్నాల బూమ్‌కు పీవీసీ పైపు, డబుల్ షీల్డ్ ఉన్న ఆర్‌జీ-6 కేబుల్, 31 లేదా 43 రకం ఫెరైట్ క్లిప్పులు ఒక డజను, సిగ్నల్‌ను తగ్గించే 10 డెసిబెల్ అటెన్యుయేటర్ ఒకటి, ఎఫ్‌ఎం బ్యాండ్‌పాస్ ఫిల్టర్లు రెండు, బ్యాటరీతో నడిచే చిన్న రేడియో తెచ్చుకోండి. ఆర్‌జీ-6 కేబుల్ 75 ఓములది, రిసీవర్ 50 ఓములది కదా అని బెంగపడకండి. ఆ తేడా వల్ల పోయేది 0.2 డెసిబెల్ కూడా ఉండదు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర 20 మీటర్ల ఆర్‌జీ-6లో సుమారు 1.3 డెసిబెల్ మాత్రమే పోతుంది. ఒకే పొర షీల్డ్ ఉన్న ఆర్‌జీ-58 అయితే నష్టమూ ఎక్కువ, దారి పొడవునా టవర్ సిగ్నల్‌ను లోపలికి పీల్చుకోవడమూ ఎక్కువ.

ఫిల్టర్ కొనేటప్పుడు పేరు రెండుసార్లు చదవండి. డాంగిళ్ల కోసం అమ్మే ఎఫ్‌ఎం ఫిల్టర్లలో ఎక్కువ భాగం నాచ్ లేదా బ్యాండ్‌స్టాప్ రకం. అవి 88 నుంచి 108 వరకూ కొట్టేస్తాయి. మనకు కావలసింది అదే భాగం కాబట్టి, బ్యాండ్‌పాస్ అని రాసి ఉన్నదే తీసుకోవాలి.

మొదటి అడుగు: స్టేషన్‌ను ఎంచుకోండి

87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకూ ఒకసారి స్పెక్ట్రమ్ చూసి, బలంగా ఉన్న స్టేషన్లన్నీ రాసుకోండి. బలం ఒక్కటే చూసి ఎంచుకోకండి. దూరాన్ని ఎంత సన్నగా కొలవగలమన్నది సిగ్నల్ వెడల్పు మీద ఆధారపడుతుంది. పాటలు, వాయిద్యాలు మోగేటప్పుడు 100 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది, అంటే 3 కిలోమీటర్ల మెట్టు. వార్తలు, మాటల కార్యక్రమాలు నడిచేటప్పుడు వెడల్పు కుదించుకుపోతుంది, మాటకూ మాటకూ మధ్య మౌనంలో దాదాపు సున్నా అవుతుంది. అప్పుడు విమానం చుక్కలా కాకుండా పొడవాటి మరకలా సాగుతుంది. అందుకే సెటప్‌ను పరీక్షించేటప్పుడు పాటలు వేసే స్టేషన్‌నే పెట్టుకోండి.

గాదంకి, పాకాల వైపు ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. గాదంకిలోని వాతావరణ పరిశోధన ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. దానికి రెట్టింపు 106. బలమైన 53 సిగ్నల్ ఏదైనా చవక రిసీవర్‌లోకి వస్తే, ఆ రెట్టింపు రిసీవర్ లోపలే పుట్టే అవకాశం ఉంటుంది. అక్కడ 106 దగ్గరి స్టేషన్‌ను వదిలేసి, బ్యాండ్‌పాస్ ఫిల్టర్ తప్పకుండా పెట్టండి.

రెండో అడుగు: చోటు, అడ్డుగోడ

రెండు యాంటెన్నాలు ఉంటాయి. రెఫరెన్స్ యాంటెన్నాకు టవర్ సూటిగా కనబడాలి. ఎకో కోసం పెట్టే నిఘా యాంటెన్నాకు టవర్ కనబడకూడదు, ఆకాశం కనబడాలి. రెండింటినీ ఒకే పైపుకు పైనా కిందా కట్టడం అందరూ చేసే పొరపాటు.

రెఫరెన్స్‌ను మిద్దె పైన ఎత్తులో, నిఘా యాంటెన్నాను మెట్ల గది వెనుకో, ఇంటికి అవతలి వైపో పెట్టండి. కాంక్రీటులో ఇనుప కడ్డీలు ఉంటాయి కాబట్టి మెట్ల గది కొంతవరకు అడ్డుపడుతుంది. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు ఏమీ ఆపదు. గోడ లేకపోతే కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీ చాలు. 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3 మీటర్లు, అందులో ఇరవయ్యో వంతు 15 సెంటీమీటర్లు. అంతకంటే చిన్న కన్నాలున్న జాలీ ఏదైనా రేకులాగే పనిచేస్తుంది. వెడల్పు మాత్రం తగ్గించకండి. 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు లేకపోతే సిగ్నల్ అంచుల మీదుగా వంగి లోపలికి వచ్చేస్తుంది.

కొండను వాడుకోగలిగితే అంతకు మించింది లేదు. ముందు మీ స్టేషన్ టవర్ ఎక్కడుందో తెలుసుకోండి. టవర్ కింద ఊళ్లో ఉంటే, కొండ మలుపు అవతల ఉన్న ఇల్లు నీడలో పడుతుంది. టవర్ కొండ మీదే ఉంటే తిరుపతి అంతా దాని వెలుగులోనే ఉన్నట్టు, అప్పుడు ఇంటి గోడే దిక్కు. అలిపిరి, కపిలతీర్థం వైపు కొండకు ఆనుకుని ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కొండ చరియే పెద్ద అద్దమై టవర్ సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది. 5 కిలోమీటర్ల అవతలి చరియ నుంచి వచ్చే ఎకో సుమారు 10 కిలోమీటర్ల దారి తేడాతో, 33 మైక్రోసెకన్ల ఆలస్యంగా వస్తుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, సాఫ్ట్‌వేర్ దగ్గర మళ్లీ కావాలి.

విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్నవాళ్లు ఎత్తయిన స్తంభాలు పాతే ముందు అనుమతి సంగతి కనుక్కోండి. ఈ పనికి ఎత్తు అవసరం కూడా లేదు.

మూడో అడుగు: డైపోల్ తిప్పి సున్నా పట్టండి

దీనికి ఒక పూట కేటాయించండి. ఖర్చు లేకుండా 20 డెసిబెల్ తెచ్చిపెట్టే పని ఇదొక్కటే.

100 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ (రెండు చేతుల సాదా యాంటెన్నా) మొత్తం పొడవు 1.42 మీటర్లు, ఒక్కో చెయ్యి 71 సెంటీమీటర్లు. మధ్యలో చేతుల మధ్య కేబుల్ కలిపే చోట, కేబుల్ మీద ఫెరైట్ క్లిప్పులు నాలుగైదు వరుసగా బిగించండి. అవి లేకపోతే కేబుల్ షీల్డే యాంటెన్నా అయి కూర్చుంటుంది, ఎంత తిప్పినా టవర్ సిగ్నల్ తగ్గదు.

ముందు పోలరైజేషన్ (తరంగం అడ్డంగా ఊగుతోందా, నిలువుగానా అన్నది) చూడండి. డైపోల్‌ను టవర్‌కు అడ్డంగా పట్టుకుని, ఒకసారి పడుకోబెట్టి, ఒకసారి నిలబెట్టి స్థాయి రాసుకోండి. పడుకోబెట్టినప్పుడు బలంగా ఉన్నా, రెండింటిలోనూ దాదాపు ఒకటే ఉన్నా, నిఘాకు అడ్డ డైపోల్ వాడండి. నిలబెట్టినప్పుడు మాత్రమే బలంగా ఉంటే డైపోల్ వదిలేసి, మూలకాలు నిలువుగా ఉండే యాగీ (పాత టీవీ యాంటెన్నా లాంటిది, కొలతలు కింద ఉన్నాయి) వాడాలి.

అడ్డ డైపోల్‌ను మిద్దె నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తులో పెట్టి, దాని కొన టవర్ వైపు చూసేలా తిప్పండి. డైపోల్ కొన వైపు ఏమీ వినదు, రెండు పక్కలా వింటుంది. స్పెక్ట్రమ్‌లో స్టేషన్ శిఖరాన్ని చూస్తూ ఒక్కో డిగ్రీ జరపండి. చాలాసేపు పెద్ద మార్పు ఉండదు. మైనస్ 22, 24, 25 అలా దిగుతుంది. ఉన్నట్టుండి మైనస్ 40కి పడి, ఇంకొంచెం తిప్పగానే మళ్లీ లేస్తుంది. ఆ పల్లం చాలా సన్నది, అయిదు డిగ్రీలు దాటితే చేజారుతుంది. అక్కడే బిగించి, పైపు మీద పెయింటుతో గీత పెట్టండి. మీరు పక్కన నిలబడితే మీ ఒళ్లే కొంత సిగ్నల్‌ను తిప్పుతుంది కాబట్టి, బిగించాక నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసిన అంకెనే రాసుకోండి.

పల్లం లోతుగా రాకపోతే చుట్టూ చూడండి. మిద్దె మీద బట్టలారేసే ఇనుప తీగ, స్టీలు రైలింగ్, డిష్ టీవీ కాడ, జీఐ నీళ్ల పైపు. వీటిలో ఒకటిన్నర మీటరుకు దగ్గరగా పొడవున్నది ఏదైనా సరే 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఇంకో యాంటెన్నాలా మోగి, టవర్ సిగ్నల్‌ను పక్క నుంచి మీ డైపోల్‌కు అందిస్తుంది. బట్టల తీగ స్థానంలో నైలాన్ తాడు కట్టడం చిన్న పనే, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

యాగీ కావాలంటే కొలతలు ఇవి: వెనుక రిఫ్లెక్టర్ 1.49 మీటర్లు, మధ్య డైపోల్ 1.42, ముందు డైరెక్టర్ 1.33, ఒక్కోదాని మధ్య 60 సెంటీమీటర్లు. వెనుక నుంచి వచ్చేదాన్ని 15 నుంచి 20 డెసిబెల్ తగ్గిస్తుంది. దాని లోతైన పల్లం సరిగ్గా వెనుకే ఉండాలని లేదు, ఒక్కోసారి వెనుక మూలల్లో ఉంటుంది. ఇక్కడ కూడా అంకె చూస్తూనే తిప్పండి. రెఫరెన్స్‌కు ఇదే యాగీని, స్టేషన్ పోలరైజేషన్‌కు తగ్గట్టు, టవర్ వైపు ముఖం పెట్టి బిగించండి.

రెండు కేబుళ్లనూ కలిపి ఒకే కట్టగా కిందికి దించకండి. ఒక అడుగైనా ఎడం ఉంచండి. రెఫరెన్స్ కేబుల్లోని బలమైన సిగ్నల్ పక్క కేబుల్లోకి కారితే, ఇంత శ్రమా వృథా.

నాలుగో అడుగు: ఇంటి రొద

టవర్ సిగ్నల్ తగ్గాక కింద దాగి ఉన్న ఇంటి రొద బయటపడుతుంది. రిసీవర్‌ను, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడుపుతూ మెయిన్ ఎంసీబీ ఆపేయండి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపాలి, లేదంటే సగం ఇల్లు ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఈ స్థితిలో స్టేషన్లు లేని ఖాళీ చోట రొద ఎంత ఉందో రాసుకుని, ఒక్కొక్కటే వేస్తూ పోండి. ముందు ఎల్‌ఈడీ బల్బులు, తర్వాత ఫోన్ ఛార్జర్లు, సెట్‌టాప్ బాక్సు, సీసీ కెమెరాల పవర్ సప్లై, బీఎల్‌డీసీ ఫ్యాన్లు, సోలార్ ఇన్వర్టర్. సాధారణంగా రెండు మూడు వస్తువులే దొంగలు. చవక ఛార్జర్‌ను మార్చేయడం మేలు. మార్చలేనివాటి తీగను ఫెరైట్ గుండా రెండు మూడు చుట్లు తిప్పండి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర అంతకంటే ఎక్కువ చుట్లు వేస్తే చుట్టుకూ చుట్టుకూ మధ్య కెపాసిటెన్స్ వల్ల గుణం తగ్గుతుంది, పెరగదు.

కేబుల్ టీవీ వైరు సంగతి చాలామంది మరిచిపోతారు. కేబుల్ లోపల ఎఫ్‌ఎం బ్యాండ్‌లోనూ ఛానళ్లు నడవచ్చు. వదులైన కనెక్టర్, ఎండకు పగిలిన వైరు నుంచి అవి బయటికి కారతాయి. మీ నిఘా యాంటెన్నా పక్క నుంచే ఆ వైరు పోతుంటే పక్కకు జరిపించండి.

ఇంట్లో అంతా ఆపినా చిటపట రొద తగ్గకపోతే అది వీధి కరెంటు లైనుదై ఉండవచ్చు. దుమ్ము పట్టిన ఇన్సులేటర్, వదులైన జంపర్ దగ్గర స్పార్క్ సెకనుకు వందసార్లు పేలుతుంది. చిన్న రేడియోను మీడియం వేవ్‌లో ఖాళీ చోట పెట్టి వీధి వెంట నడిస్తే ఏ స్తంభం దగ్గర గరగర పెరుగుతోందో తెలుస్తుంది. స్తంభం నంబరు రాసుకుని విద్యుత్ శాఖకు ఫిర్యాదు ఇవ్వండి. స్తంభాన్ని తట్టడం, ఊపడం చేయకండి.

సాఫ్ట్‌వేర్ దూరాన్ని, డాప్లర్‌ను (కదలిక వల్ల వచ్చే ఫ్రీక్వెన్సీ మార్పును) గీసే మ్యాప్ మీద ఎప్పుడూ కదలకుండా 50 లేదా 100 హెర్ట్జ్ దగ్గర గీత నిలబడితే అది విమానం కాదు. పవర్ సప్లై హమ్, లేదా దగ్గర్లోని ట్యూబ్‌లైటు. ట్యూబ్‌లైటులోని వాయువు సెకనుకు వందసార్లు వెలిగి ఆరుతూ సిగ్నల్‌ను అదే లయలో ప్రతిఫలిస్తుంది. అదేవిధంగా యాంటెన్నా పక్క గదిలో ఫ్యాన్ నిమిషానికి 350 చుట్లు తిరుగుతుంటే, మూడు రెక్కలతో 17.5 హెర్ట్జ్ దగ్గర గీత రావచ్చు. ఆపి చూడండి.

ఐదో అడుగు: గెయిన్

గెయిన్ అంటే రిసీవర్ సిగ్నల్‌ను ఎంత పెంచుతుందన్నది. ఆటోమేటిక్ గెయిన్ ఆపేయండి. అది పెరుగుతూ తగ్గుతూ ఉంటే సాఫ్ట్‌వేర్ తీసివేత కుదరదు. ఈ రిసీవర్లలో ఉండేది 8 బిట్ల ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం), అంటే దాదాపు 50 డెసిబెల్ పరిధి. శిఖరం పూర్తి స్థాయికి 6 నుంచి 10 డెసిబెల్ కింద ఉండేలా చేత్తో పెట్టండి. డైపోల్ తిప్పడం వల్ల అసలు లాభం ఇక్కడే కనబడుతుంది. టవర్ సిగ్నల్ 20 డెసిబెల్ తగ్గితే, నిఘా ఛానల్ గెయిన్‌ను అంతే పెంచుకోవచ్చు, ఎకో కూడా అంత పైకి లేస్తుంది. ఏడీసీ నిండి కత్తిరించుకుపోయిన సిగ్నల్‌ను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

స్పెక్ట్రమ్‌లో లేని స్టేషన్లు కనబడుతున్నాయా? ఉదాహరణకు 93, 95 మీద బలమైన స్టేషన్లుంటే 91, 97 మీద దయ్యాలు లేస్తాయి. 10 డెసిబెల్ అటెన్యుయేటర్ పెట్టి చూడండి. నిజమైన స్టేషన్ 10 తగ్గుతుంది, దయ్యం 30 తగ్గుతుంది. దయ్యాలు ఉన్నంతవరకు గెయిన్ తగ్గించడమో, బ్యాండ్‌పాస్ ఫిల్టర్ పెట్టడమో చేయాలి. దగ్గర్లో మొబైల్ టవర్ ఉంటే ఫిల్టర్ తప్పదు.

ఆరో అడుగు: సాఫ్ట్‌వేర్‌లో మిగతాది

రెండు ఛానళ్లనూ స్టేషన్ మీదికి తెచ్చి, 200 కిలోహెర్ట్జ్ రేటుకు తగ్గించండి. పక్క స్టేషన్లు ఇక్కడే పోతాయి. తర్వాత రెఫరెన్స్ శుభ్రంగా ఉందో చూడండి. ఎఫ్‌ఎం సిగ్నల్ ఎత్తు ఎప్పుడూ ఒకటే ఉండాలి. రెఫరెన్స్ మాగ్నిట్యూడ్ గీస్తే సాఫీ గీత రావాలి. అది అలల్లా ఊగుతుంటే కొండ ప్రతిఫలనం అందులో కలిసింది. యాగీని కొంచెం పక్కకు తిప్పి చూడండి, లేదా కాన్‌స్టంట్ మాడ్యులస్ ఈక్వలైజర్ (సిగ్నల్ ఎత్తును మళ్లీ ఒకటిగా చేసే ఫిల్టర్) నడపండి.

ఇక తీసివేత. వీనర్, ఈసీఏ, ఎన్‌ఎల్‌ఎంఎస్ అనే తీసివేత పద్ధతుల్లో ఏది వాడినా ట్యాప్‌ల లెక్క ఒకటే. 200 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో ట్యాప్ (ఫిల్టర్‌లో ఒక శాంపిల్ ఆలస్యం) 1.5 కిలోమీటర్ల దారి. పైన చెప్పిన 10 కిలోమీటర్ల చరియ ఎకోకు ఏడు ట్యాప్‌లు పడతాయి. చుట్టూ ఉన్న మిగతా కొండల కోసం 40 పెట్టుకోండి, అంటే 60 కిలోమీటర్లు. మరీ తక్కువ పెడితే దూరపు కొండలు మిగిలిపోతాయి, 200, 300 పెడితే కంప్యూటర్ వేడెక్కడం తప్ప లాభం లేదు.

బ్యాచ్‌లుగా తీసే ఈసీఏలో బ్యాచ్ పొడవు 0.1 సెకను పెడితే సున్నా డాప్లర్‌కు ఇరువైపులా సుమారు 10 హెర్ట్జ్ మేర అంతా తుడిచిపెట్టుకుపోతుంది. సెకనుకు 200 మీటర్ల వేగంతో పోయే విమానానికి గరిష్ఠంగా 133 హెర్ట్జ్ డాప్లర్ వస్తుంది, దానికి ఇబ్బంది లేదు. రేణిగుంటలో దిగుతూ సెకనుకు 70 మీటర్ల వేగానికి వచ్చిన విమానానికి ఎక్కువలో ఎక్కువ 47, దిశను బట్టి అందులో సగం కూడా రాకపోవచ్చు. టవర్‌కూ మీకూ మధ్య గీతను దాటేటప్పుడు దాదాపు సున్నా. దిగే విమానాలు మధ్యలో మాయమవుతుంటే బ్యాచ్‌ను 0.5 సెకనుకు పెంచండి. గాలికి చెట్లు ఊగే రోజున మాత్రం పొడవాటి బ్యాచ్ సరిగ్గా తీయలేదు, అప్పుడు కొంత వదులుకోక తప్పదు. ఎన్‌ఎల్‌ఎంఎస్‌లో స్టెప్ విలువ 0.01 దాటిస్తే అది విమానాలను కూడా తినేస్తుంది.

సున్నా డాప్లర్ శిఖరాన్ని తీసివేతకు ముందు, తర్వాత కొలవండి. తేడా 30 దాటితే బాగున్నట్టు. 15, 20 దగ్గరే ఆగిపోతే ఈ వరుసలో వెతకండి: ఏడీసీ నిండిపోవడం, యూఎస్‌బీలో శాంపిళ్లు జారిపోవడం, రెఫరెన్స్‌లో మల్టీపాత్ (కొండ ప్రతిఫలనం కలవడం), రెండు కేబుళ్ల మధ్య లీకేజీ. యూఎస్‌బీ సమస్యలకు చాలావరకు సన్నటి కేబులే కారణం. రిసీవర్‌ను మిద్దె మీద డబ్బాలో పెట్టకండి. మే నెల ఎండకు లోపల మాడిపోతుంది. ఇంట్లో పెట్టి కేబుల్ కిందికి దించండి.

ఏడో అడుగు: నిజంగా విమానమేనా?

విడిగా ఇంకో ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌కు 6.9 సెంటీమీటర్ల నిలువు తీగ పెట్టి 1090 మెగాహెర్ట్జ్ మీద ఏడీఎస్-బీ వినండి. విమానాలే తమ స్థానం చెబుతాయి. టవర్ నుంచి విమానానికి దూరం, విమానం నుంచి మీకు దూరం కూడి, అందులోంచి టవర్‌కూ మీకూ మధ్య దూరం తీసేయండి. మొదటి లెక్కలో 30, 25 కలిపి 8 తీస్తే 47 కిలోమీటర్లు. మ్యాప్ మీద మీ చుక్క దానికి 3 కిలోమీటర్ల లోపల ఉంటే అది ఆ విమానమే. అన్ని చుక్కలూ ఒకే అంతరంతో తప్పుతుంటే ఛానళ్ల మధ్య సింక్ తప్పింది, నాయిస్ సోర్స్‌తో మళ్లీ కాలిబ్రేట్ చేయండి.

గాలివాన వచ్చి వెళ్లిన ప్రతిసారీ పైపు మీది పెయింటు గీత చూడండి. డైపోల్ అయిదు డిగ్రీలు తిరిగినా పల్లం పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో కనెక్టర్లలోకి నీరు దిగకుండా సెల్ఫ్-అమాల్గమేటింగ్ టేపు చుట్టండి. నిలబెట్టింది ఇనుప పైపు అయితే దాన్ని ఎర్త్ చేయండి. ఉరుములు మొదలుకాకముందే రెండు కేబుళ్లనూ రిసీవర్ నుంచి ఊడదీసి కిటికీ బయట వదిలేయండి. ఉరుములు వినబడ్డాక కేబుళ్లను ముట్టుకోకండి.